మరో బడంగ్‌పేట్ పుట్టకముందే

పురపాలక శాఖను కూడా చూస్తున్న తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి బడంగ్‌పేట్ నుంచి ఒక బహిరంగ లేఖ

ముఖ్యమంత్రి గారూ,

నేను బడంగ్‌పేట్‌లో ఉంటాను. బడిలో లెక్కలు చెబుతాను. మీరు మల్కాజిగిరి ఎంపీగా ఉన్నప్పుడు ఎల్బీనగర్ మీ పరిధిలోదే. కాబట్టి ఈ వైపు గల్లీల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా మా వైపు వచ్చే రోడ్డు సాయంత్రం ఆరింటికి ఎట్లుంటదో మీరు చూసే ఉంటారు.

2025 చివర్లో మీ ప్రభుత్వం రెండు నిర్ణయాలు తీసుకుంది. నవంబర్‌లో వచ్చింది పారిశ్రామిక భూముల మార్పిడి విధానం, అందరూ ‘హిల్ట్’ అంటున్నది. నగరంలోనూ దాని చుట్టుపక్కలా ఉన్న 22 పారిశ్రామికవాడల్లో, 9,292 ఎకరాల్లో, ప్రభుత్వానికి రుసుము కడితే కార్ఖానా జాగలో ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు కట్టుకోవచ్చు. డిసెంబర్‌లో రెండోది: శివార్లలోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. అందులో మా బడంగ్‌పేట్ ఒకటి. సచివాలయంలో ఇవి రెండు శాఖల ఫైళ్లు. మా ఇంట్లో మాత్రం రెండూ కలిసి ఒకే కథ. ఆ కథ చెప్పి ఒక మాట అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా నాయన ఆజామాబాద్‌లో ఒక కార్ఖానాలో ఫిట్టరు. మేం ముషీరాబాద్‌లో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాయన డ్యూటీకి నడిచే పోయేవాడు. రెండో షిఫ్టు ఉన్న రోజు చీకటి పడ్డాక అన్నం డబ్బా నేనే పట్టుకుపోయేదాన్ని. గేటు దగ్గర చౌకీదారు నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. ఆజామాబాద్ నిజాం కాలం నాటి పారిశ్రామికవాడ. దాని చుట్టూ రాంనగర్, బాగ్‌లింగంపల్లి, ముషీరాబాద్ బస్తీలు పనికి ఆనుకునే పెరిగాయి. కాస్త అవతల లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 1920లో పెట్టిన డీబీఆర్ మిల్లు ఉండేది. సైరన్ మోగితే దాని గొంతును బట్టి అది ఏ కార్ఖానాదో మా అమ్మ చెప్పేది. ఇంటికీ పనికీ మధ్య దూరం అన్నం చల్లారనంత. అప్పట్లో అది గొప్ప సౌకర్యమని మాకు తెలియదు. లోకమంతా అట్లనే ఉంటదనుకున్నాం.

ఆ రోజుల్లో ప్రభుత్వం కూడా కార్మికుడి ఇల్లు తన పనే అనుకునేది. 1952లో కేంద్రం పారిశ్రామిక కార్మికుల గృహ పథకం తెచ్చింది. సనత్‌నగర్‌లో, జవహర్‌నగర్‌లో ఎస్‌ఆర్‌టీ క్వార్టర్లు అని మనం పిలుచుకునేవి ఆ కాలపు ఆలోచనలోంచి వచ్చినవే. చిన్న ఇళ్లు, వరసగా. మధ్యలో పిల్లలు ఆడుకునే జాగ. నడిచిపోయేంత దూరంలో పని.

1990ల్లో ఒక్కొక్క సైరన్ ఆగిపోయింది. మిల్లు మూతపడింది. ఆల్విన్, ఐడీపీఎల్, ప్రాగా టూల్స్ లాంటి పేర్లు విన్నప్పుడల్లా పక్కింట్లో ఎవరో ఒకరు తల పట్టుకుని కూర్చునేవారు. 1998లో నాయన చేతికి వీఆర్‌ఎస్ కాగితం వచ్చింది. వచ్చిన డబ్బుతో అక్క పెళ్లి చేసి, మిగిలిన దాంతో సొంత జాగ కొనాలన్నాడు. ముషీరాబాద్‌లో కొనే మాటే లేదు. ఒక ఆదివారం వెంచర్ వాళ్ల జీపు ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ దాటి, కర్మన్‌ఘాట్ దాటి, చింతచెట్ల నడుమ మట్టి రోడ్డు మీద బడంగ్‌పేట్ వచ్చాం. గ్రామపంచాయతీ లేఅవుట్. తెల్ల సున్నం గీతలు, నెంబర్లు రాసిన రాళ్లు. గజం 350 చొప్పున 120 గజాలు, 42 వేలు. అమ్మ జీపు దిగి ఒక్కటే అడిగింది: “ఇక్కడ నీళ్లెట్ల?” వెంచర్ వాళ్లు నేల వైపు చూపించి, బోరు వేస్తే వంద అడుగుల్లో పడతయన్నారు. పడ్డయి కూడా, ఆరేడేండ్లు.

మా గల్లీలో మాది మూడో ఇల్లు. ముందు కట్టుకున్న ఇద్దరూ మూతపడ్డ కార్ఖానాల నుంచి వచ్చినవారే. ఒకరు బాలానగర్ వైపు, ఒకరు మౌలాలి వైపు. బడంగ్‌పేట్‌కు ఎన్నడూ పొగగొట్టం లేదు. ఇది వరి, జొన్న, కూరగాయలు పండిన ఊరు. అయినా మా గల్లీ పుట్టింది మాత్రం నగరం నడిబొడ్డున ఆరిపోయిన కొలుములోంచే. నగరం మధ్యలో పని పోయినవాళ్లు నగరం అంచుకు వచ్చి, వీఆర్‌ఎస్ డబ్బుతో, అమ్మిన బంగారంతో, చిట్టీలతో ఒక ఊరు కట్టారు. మా నాయన రెండు రేకుల గదులు వేసి, గేటు మాత్రం తానే చేశాడు. పాత కార్ఖానా స్నేహితుడి దగ్గర వెల్డింగు మిషన్ అడిగి తెచ్చి, నాలుగు ఆదివారాలు కూర్చుని చేశాడు. ఆ గేటు ఇప్పటికీ ఉంది. దాని మడతబందులు ఇవాళ్టికీ చప్పుడు చేయవు.

కట్టిన ఊరు ఎట్లాంటిదో కూడా చెప్పాలి. మురుగు కాల్వ లేదు. ప్రతి ఇంటి ముందు సెప్టిక్ ట్యాంక్, దాని పక్కనే బోరు, దాని పక్కనే సంపు. బోర్లు ఎండాక ట్యాంకర్లు. మార్చి వచ్చిందంటే ఇంటి బడ్జెట్‌లో ట్యాంకర్ డబ్బు ముందు తీసి పెట్టి, తర్వాతే పిల్లల పుస్తకాలు. వెంచర్ కాగితం మీద పార్కు అని రాసిన చోట నాలుగేండ్లకు ఇంకో నాలుగు ప్లాట్లు వెలిశాయి. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం వస్తే రాష్ట్రమంతా 25 లక్షల పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి. ఇట్ల కొన్న కుటుంబాలు ఎన్నో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఆ పథకంలో పార్కు జాగ వదలని లేఅవుట్‌కు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. కట్టేది ఎవరు? వెంచర్ వేసి వెళ్లిపోయినవాడు కట్టడు, కొన్నవాడు కడతాడు. లేని పార్కుకు మా గల్లీ డబ్బు కట్టింది. పార్కు ఇప్పటికీ లేదు.

ఊరి బోర్డు మాత్రం మారుతూ వచ్చింది. గ్రామపంచాయతీ, నగర పంచాయతీ, మున్సిపాలిటీ, 2019లో మున్సిపల్ కార్పొరేషన్, ఇప్పుడు మహానగరం. బోర్డు మారిన ప్రతిసారీ ఇంటి పన్ను కాగితం రంగు మారింది. 2021 జనవరిలో జీహెచ్‌ఎంసీ పరిధిలో నెలకు 20 వేల లీటర్ల మంచినీళ్లు ఉచితమన్నప్పుడు ఆ గీత మాకు అవతలే ఆగింది. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా వచ్చే కృష్ణా నీళ్లు నగరంలోకి వచ్చేది ఈ దిక్కు నుంచే. నీళ్లు వచ్చే దారి పక్కన ఉండి మేం ట్యాంకర్ కోసం ఎదురుచూశాం. ఇప్పుడు ఆ గీత చెరిగింది. గీతతో పాటు చెరగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

ఇక ధర సంగతి. మా ఊరి ధర తెలుసుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోనక్కర్లేదు, బాలాపూర్ గణేశుడి దగ్గరికి పోతే చాలు. బాలాపూర్ కూడా మా పాత కార్పొరేషన్‌లోదే. 1994లో లడ్డూ వేలం మొదలైనప్పుడు పాట 450 రూపాయలకు ఆగింది. పాడుకున్నది రైతు. ఆ ప్రసాదాన్ని తీసుకుపోయి తన పొలంలో చల్లితే పంట బాగా పండిందని, అందుకే మళ్లీ మళ్లీ పాడారని ఊళ్లో చెప్పుకుంటారు. 2025లో అదే లడ్డూ 35 లక్షలు పలికింది. 7,777 రెట్లు. వేలం డబ్బు గుడికీ ఊరి పనులకూ పోతుంది, అది మంచి సంప్రదాయం. నేను ఆలోచించేది వేరే. మొదటి లడ్డూను చల్లడానికి పొలం ఉండేది. ఇవాళ పాడుకున్నవారు పొలంలో చల్లాలంటే నాదర్‌గుల్ దాటి ఎంత దూరం పోవాలో!

ఆ ధర ఎట్ల పెరిగిందో మేం కళ్లారా చూశాం. 2006లో మహేశ్వరం వైపు ఫ్యాబ్ సిటీ అన్నారు, చిప్‌లు తయారుచేసే కార్ఖానా వస్తదన్నారు. అనుకున్న ఆ కార్ఖానా రాలేదు. దాని పేరు చెప్పి అమ్మిన ప్లాట్లు మాత్రం అమ్ముడుపోయాయి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. తర్వాత ఔటర్ రింగు రోడ్డు, ఆదిభట్లలో విమాన విడిభాగాల కంపెనీలు, టీసీఎస్. 2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ దాకా మెట్రో. 2024 నవంబర్‌లో రెండో దశ ప్రతిపాదన కేంద్రానికి పంపారు. అందులో నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయం దాకా ఒక లైను ఉంది. పట్టాలు ఇంకా పడలేదు. బ్రోచర్లలో రైలు అప్పుడే నడుస్తున్నది. ఎక్కడో రాయదుర్గంలో 2025 అక్టోబర్‌లో ఎకరం 177 కోట్లు పలికితే, తెల్లారేసరికి మా చౌరస్తాలో టీ తాగుతూ గజానికి రెండు వేలు పెంచి చెబుతారు. వచ్చిన దానికి ఒక ధర, రాబోయే దానికి ఒక ధర, వస్తుందో రాదో తెలియని దానికి కూడా ఒక ధర. అన్నీ కలిపి కొనేవాడి నెత్తిన పడతాయి.

ఆ ధరవల్ల మాకు మేలు జరగలేదని అంటే అది అబద్ధం. నాయన గుండె ఆపరేషన్‌కు ఈ ఇంటి కాగితాలు తాకట్టు పెట్టే అప్పు తెచ్చాం. ఇల్లు మమ్మల్ని నిలబెట్టింది. కానీ మా నాయన లాంటి ఫిట్టరు ఇవాళ ఈ గల్లీలో ఇల్లు కొనగలడా? బడిలో పిల్లలతో చేయించే లెక్కే చేసి చూశాను. గజం 50 వేలు అనుకుంటే 120 గజాల జాగ 60 లక్షలు. ఆ ధర మొత్తం పత్రంలో రాస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, నాలుగున్నర లక్షలు. నాయన ప్లాటు మొత్తం ఖరీదుకు పది రెట్లకు పైగా పత్రం ఖర్చే అయింది. 50 లక్షలు అప్పు చేస్తే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవై ఏండ్లపాటు నెలనెలా 43 వేలకు పైగా కట్టాలి. మొత్తం కోటి నాలుగు లక్షలు. నెలకు 18 వేలు తెచ్చుకునేవాడికి ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా తేలదు. అందుకే అతను మా కంటే ఇంకా అవతలికి పోతాడు. లేదా మా చెరువుల కిందికి వస్తాడు.

చెరువుల సంగతి మీకు వివరంగా చెప్పాలి. ఇటువైపు చెరువులన్నీ గొలుసుకట్టువి. ఒకదాని మత్తడి దుంకితే నీళ్లు కాల్వ పట్టి కిందున్న కుంటలోకి పోతాయి, అక్కడి నుంచి ఇంకోదానికి. వేసవిలో ఎండిన శిఖం భూమి చదునుగా, చౌకగా కనిపిస్తుంది. మిగతా చోట గజం కొనలేనివాడికి అక్కడ ప్లాటు చూపిస్తారు. 2020 అక్టోబర్‌లో కుండపోత కురిసినప్పుడు నీళ్లు తమ పాత దారి వెతుక్కున్నాయి. మాకు ఆనుకున్న మీర్‌పేటలో మిథిలానగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. బాలాపూర్‌లోని గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్, దాని కిందున్న బస్తీలు మునిగాయి. మా బడిలో ఒక పిల్ల ఇల్లు కూడా మునిగింది. బళ్లు మళ్లీ తెరిచాక వచ్చిన రోజు లెక్కల పుస్తకం ఎండబెట్టి ఇస్త్రీ చేసి తెచ్చింది. పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. మునిగిన ఇళ్లలో ఎవరుంటారో ఆ పిల్ల అడ్రసు చూస్తే తెలుస్తుంది: ఆటో నడిపేవారు, కార్ఖానాలో రోజుకూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. తక్కువ ధర అంటే చాలాసార్లు పల్లం అని అర్థం. 2024 జులైలో మీరు హైడ్రా సంస్థను పెట్టి చెరువుల హద్దులు తేల్చమన్నారు. హద్దులు తేలాల్సిందే. అయితే ఆ హద్దు కొనేవాడికి కొనకముందు తెలియాలి. కూల్చే రోజు తెలిసే నిజం వల్ల అతనికి ఏ మేలూ లేదు.

ఇప్పుడు హిల్ట్ జాబితాలో ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ దగ్గరికి వస్తాను. వీఆర్‌ఎస్ తీసుకున్నాక మా నాయన ఊరికే కూర్చోలేదు. కాటేదాన్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పదకొండేండ్లు పనిచేశాడు. బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి పోయేవాడు. అక్కడి నూర్‌మహ్మద్ కుంట నీళ్లు ఒక్కోరోజు ఒక్కో రంగులో ఉండేవని వచ్చి చెప్పేవాడు. అందుకని, కాలుష్యం నగరం మధ్యలోంచి పోవాలని మీరు అంటే నేను కాదనను. హిల్ట్ మీద రెండు వైపులా పెద్ద వాదన నడుస్తున్నది, ఎకరాల లెక్క మీద, కోట్ల లెక్క మీద. ఆ వాదనలోకి నేను పోను. 80 అడుగుల కంటే చిన్న రోడ్డు మీద ఉంటే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, అంతకంటే పెద్ద రోడ్డైతే 50 శాతం రుసుము అన్నారు. జాగ యజమాని ఎంత కట్టాలో అణా పైసలతో ఉంది. ఆ జాగలో పనిచేసేవాడు రాత్రికి ఎక్కడ పడుకోవాలో మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

కాటేదాన్‌లో ఉన్నవి ఎక్కువగా చిన్న యూనిట్లు. ప్లాస్టిక్, బిస్కెట్లు, నూనెలు, ఇనుము. చాలా షెడ్లు కిరాయివి. జాగ యజమానికి ఫ్లాట్లు లాభమనిపిస్తే షెడ్డు ఖాళీ చేయమంటాడు. యూనిట్ నడిపేవాడు ఔటర్ అవతలికి పోతాడు, లేకపోతే మూసేస్తాడు. పది మంది, ఇరవై మంది పనివాళ్లకు వీఆర్‌ఎస్ కూడా ఉండదు, నోటి మాటే. వాళ్లు ఉండేది మైలార్‌దేవ్‌పల్లిలో, జల్‌పల్లిలో, షాహీన్‌నగర్‌లో, మా బాలాపూర్‌లో. కాటేదాన్‌లో ఫ్లాట్లు లేస్తే వాళ్ల కిరాయి పెరుగుతుంది, పని దూరమవుతుంది. మా నాయనకు 1998లో జరిగింది వాళ్లకు ఇప్పుడు జరుగుతుంది. ఒక తేడా ఉంది. ఆయనకు 350 రూపాయల గజం దొరికింది. వాళ్లకు దొరకదు.

మరో సంగతి. హబ్సిగూడలోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఏనాడో కాటేదాన్ మట్టిని పరీక్షించి, అందులో సీసం, క్రోమియం, నికెల్, జింక్ లాంటి భారలోహాలు మోతాదు మించి ఉన్నాయని ప్రచురించారు. ఆ మట్టి మీద రేపు పిల్లలు ఆడుకుంటారు. పైన టైల్స్ వేస్తే కింద మట్టి మారదు. ఇల్లు అమ్మే ముందు ఆ మట్టి సంగతి తేల్చడం కొనేవాడి పని కాదు, ప్రభుత్వం పని.

ఇది మనకే ఎదురైన చిక్కు కాదు. ముంబైలో మిల్లుల వాడ గిరణ్‌గావ్ చూడండి. అక్కడి మిల్లుల్లో మన కరీంనగర్, నల్గొండ జిల్లాల పద్మశాలీలు తరాలపాటు మగ్గం మీద బతికారు. 1982లో దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె జరిగింది, ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1991లో అక్కడి ప్రభుత్వం 58వ నిబంధన తెచ్చింది. మిల్లు జాగ అభివృద్ధి చేయాలంటే మూడు భాగాలు చేయాలి: ఒకటి నగరానికి పార్కులకూ మైదానాలకూ, ఒకటి గృహమండలికి సామాన్యుల ఇళ్ల కోసం, ఒకటి యజమానికి. ఎంత న్యాయమైన ఆలోచన! కానీ 2001లో దాన్ని సవరించారు. కట్టడాలు ఉన్న జాగను వదిలేసి, ఖాళీ జాగకే ఆ వాటా అన్నారు. మిల్లు నిండా కట్టడాలే ఉంటాయి కదా. నగరానికీ కార్మికులకూ రావాల్సింది చాలా కరిగిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మిల్లు కార్మికుల ఇళ్లకు తొలి పెద్ద లాటరీ 2012లో తీశారు. సమ్మెకూ ఆ లాటరీకీ మధ్య ముప్పై ఏండ్లు. లక్షకు పైగా కుటుంబాలు దరఖాస్తు చేస్తే ఇళ్లు వచ్చింది కొద్దిమందికి.

అంత దూరం పోనక్కర్లేదు. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఆ జాగ ప్లాట్లుగా అమ్ముడైంది. మిల్లు కార్మికులు ఇంటి జాగ కోసం ఏండ్లకేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఈ రెండు కథల్లోనూ నాకు కనిపించేది ఒక్కటే. కార్మికుడి వాటా మొదటి రోజే నిబంధనలో గట్టిగా రాయకపోతే, తర్వాత ఎవరూ రాయరు.

మంచి ఉదాహరణ కూడా ఉంది, అదీ మన వైపే. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. దాన్ని బాటసింగారం వైపు తరలించి, ఆ ఇరవై ఎకరాల పైచిలుకు జాగలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. తరలింపులో వ్యాపారులకూ హమాలీలకూ కష్టాలు వచ్చాయి, అవి నిజమే. కానీ ఖరీదైన ఆ జాగ జనానికే దక్కింది. నగరం మధ్యలో ఖాళీ అయిన జాగ పేదవాడి అవసరానికి వాడొచ్చని అది రుజువు. ఆసుపత్రికి చేసింది ఇంటికి చేయలేమా?

ప్రభుత్వం ఇళ్లు కట్టడం లేదని నేను అనను. కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఒక్కచోట కట్టారు. మీ ఇందిరమ్మ పథకం సొంత జాగ ఉన్నవారికి 5 లక్షలు ఇస్తున్నది. ఊళ్లో జాగ ఉంటుంది, నగరంలో కార్మికుడికి జాగే లేదు. ఇంటి పట్టా చేతికొచ్చినా, పనికి రెండు గంటలు ప్రయాణం చేయాలంటే ఆ ఇంటికి తాళం వేసి మళ్లీ బస్తీలో కిరాయికి దిగుతారు. ఇంటికి నాలుగు గోడలే కావు, పనికి దూరం కూడా ఉంటుంది. మా నాయన పదకొండేండ్ల బస్సు పాసులు అమ్మ బియ్యం డబ్బాలో దాచింది. ఆ దూరం ఎంతో అవి చెబుతాయి.

అందుకని అడుగుతున్నాను.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది. హిల్ట్ కింద మారే ప్రతి పెద్ద జాగలో, కట్టే ఇళ్లలో కనీసం అయిదో వంతు కార్మికులకు కేటాయించాలి. అదే జాగలో ఇవ్వాలి. డబ్బు కట్టి తప్పించుకునే వీలు ఉండొద్దు. వేరే చోట కట్టిస్తామనే మాట ఒప్పుకోవద్దు. అందులో సగం ఇళ్లు కిరాయికి ఉండాలి, ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండాలి. కొనలేనివాడికి కూడా నగరంలో నిలవడానికి చోటు కావాలి కదా. పాత ఎస్‌ఆర్‌టీ క్వార్టర్ల ఆలోచనను ఈ కాలానికి తగ్గట్టు తిరిగి తెండి.

రెండోది, ఆ జాగల్లో మట్టి, భూగర్భజలం పరీక్ష చేయించి, ఫలితాన్ని తెలుగులో, ఉర్దూలో గేటు ముందు బోర్డు మీద పెట్టాలి. శుద్ధి చేసేదాకా ఇళ్లకు అనుమతి ఇవ్వొద్దు. శుద్ధి ఖర్చు మార్పిడి వల్ల లాభపడేవాడు భరించాలి.

మూడోది, కార్ఖానాలు ఔటర్ అవతలికి పోయే చోట ముందు ఇళ్లు, బడి, దవాఖానా, బస్సు. తర్వాత షెడ్లు. కిరాయి షెడ్డులో యూనిట్ నడిపేవారికీ, వాళ్ల పనివాళ్లకూ ముందుగా నోటీసు, పరిహారం ఉండాలి. పేర్లు ఇప్పుడే రాయించండి. మూసేశాక ఎవరు పనిచేశారో తేల్చడం కష్టమని వరంగల్, ముంబై మనకు చెప్పాయి.

నాలుగోది మా బడంగ్‌పేట్ కోసం, మాతో కలిపి 27 ఊళ్ల కోసం. మహానగరం పన్ను వేసే ముందు మహానగరం ఇచ్చే మురుగు లైను, కృష్ణా నీళ్లు ఏ కాలనీకి ఏ నెలలో వస్తాయో వార్డు ఆఫీసులో రాసి అతికించండి. మా పాలకవర్గాల గడువు 2025 జనవరిలోనే ముగిసింది. అడగడానికి మాకంటూ ఎన్నికైన ఒక మనిషి కావాలి. ఇంకొకటి: ప్లాటు రిజిస్టర్ అయ్యే ప్రతిసారీ కొనేవాడి చేతికి ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. ఈ జాగ చెరువు నీటి హద్దులో ఉందా, నాలా మీద ఉందా, నిషేధిత జాబితాలో ఉందా, లేఅవుట్‌కు అనుమతి ఉందా, నీటి లైను ఉందా. అయిదు ప్రశ్నలు, అయిదు జవాబులు, కింద ప్రభుత్వం ముద్ర. చిన్న ప్లాట్ల మీద కట్టే ఇళ్లు రెరా అనే స్థిరాస్తి చట్టం పరిధిలోకి రావు. 500 చదరపు మీటర్ల లోపు జాగకు, ఎనిమిది లోపు ఫ్లాట్లకు ఆ చట్టం రక్షణ లేదు. మా ఊరంతా ఆ లోపు ఇళ్లే. కాబట్టి ఆ ఒక్క పేజీయే మాకు రెరా.

ముఖ్యమంత్రి గారూ, మా ఇంటి పైన ఒక గది కిరాయికి ఇచ్చాం. అందులో ఉండే దంపతులు కాటేదాన్‌లో ఒక ప్లాస్టిక్ యూనిట్‌లో పనిచేస్తారు. ఆయనది మిషన్ మీద పని, ఆమెది ప్యాకింగు. పొద్దున ఏడింటికి మా నాయన చేసిన గేటు తీసుకుని ఇద్దరూ బండి మీద పోతారు. హిల్ట్ వార్త వచ్చిన వారం, రాత్రి నీళ్ల మోటారు వేయడానికి కిందికి వచ్చి ఆమె నన్ను అడిగింది: “టీచరమ్మా, అక్కడ ఫ్లాట్లు కడితే మా కంపెనీ ఎటు పోతది? మేమెటు పోవాలె?”

ముప్పై ఏండ్లుగా పిల్లలు అడిగిన లెక్కకు జవాబు చెబుతున్నాను. ఆమెకు చెప్పలేకపోయాను. 1998లో మా అమ్మ కూడా ఇదే మాట అడిగింది, అప్పుడు కూడా ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు లేక మేం బడంగ్‌పేట్ కట్టుకున్నాం. ఆమెకు కట్టుకోవడానికి ఇంకో బడంగ్‌పేట్ మిగలలేదు. జవాబు మీ దగ్గరుంది. నిబంధనలు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. ఆమె వాటా అందులో రాయండి.

ఇట్లు,
ఒక ఫిట్టరు కూతురు,
బడంగ్‌పేట్